దెబ్బల షెడ్డు పిడుగు

మా బావగారి ఎడమ భుజం కుడి భుజం కంటే కిందికి ఉంటుంది. ఎంత మంచి చొక్కా వేసుకున్నా ఒక పక్క జారిపోయినట్టే కనిపిస్తుంది. చూసినవాళ్ళు మూటలు మోసి మోసి అలా అయిందనుకుంటారు. మూటలూ లేవు, మోతలూ లేవు. ఆ భుజం విరగ్గొట్టింది నేను. ఎవరైనా అడిగితే ఆయనే చెబుతాడు, "మా మరదలు కొట్టింది" అని, అదేదో బహుమతి అందుకున్నట్టు. నేను పక్కనే ఉంటే "ఇంకోటి కావాలా?" అంటాను. వినేవాళ్ళు నవ్వుతారు. మేమిద్దరం నవ్వం.

ఆయన నా భర్తకు అన్న. కన్నవాళ్ళు పెట్టిన పేరు జీతాల ఆఫీసులో తప్ప ఇంకెక్కడా ఎవరూ పలకలేదు. ఫ్యాక్టరీలో అందరికీ ఆయన పిడుగు. ఆ పేరు సగం ఆయన పనికి వచ్చింది, సగం ఆయన కోపానికి వచ్చింది. ఏ సగం ముందొచ్చిందో తేల్చుకోలేక పాతవాళ్ళు ఇప్పటికీ వాదించుకుంటారు.

పని సంగతి ముందు చెబుతాను. మా ఫ్యాక్టరీలో కరెంటు స్తంభాల మీద తీగకూ ఇనుముకూ మధ్య వేలాడదీసే గాజు ఇన్సులేటర్లు తయారవుతాయి. గొడుగు ఆకారంలో ఉంటాయి కాబట్టి వాటిని మేం గొడుగులంటాం. ఎర్రగా కాగిన గొడుగు మీదికి ఒక్కసారిగా చల్లగాలి ఊది పైపొరను బిగిస్తారు. పైన బిగుసుకున్న కొద్దీ లోపల లాగిపట్టినట్టు ఉంటుంది. బాగా కుదిరితే మనిషి ఎక్కి తొక్కినా చెక్కుచెదరదు. లోపల ఎక్కడో ఆవగింజంత రాయి మిగిలిపోయిందా, ఏదో ఒక రోజు, ఎవరూ ముట్టుకోకుండానే, ఢామ్మని పేలి గుప్పెడు పలుకులై కూర్చుంటుంది. మనుషుల్లోనూ ఆ రకం ఉంటారు. మా బావగారు ఆ రకమే.

అలాంటి గొడుగులను ముందే పట్టుకోవడానికి ఫ్యాక్టరీ వెనక ఒక షెడ్డు ఉంది. ప్రతి గొడుగునూ అక్కడ కాల్చి చన్నీళ్ళలో పడేస్తారు. చెక్క సుత్తితో కొడతారు. ఆఖరికి ఇనప పంజరంలో పెట్టి, లక్షకు దగ్గరగా వోల్టులు ఎక్కించి చూస్తారు. నీలం మంటలు గొడుగు చుట్టూ పాకి చిటపటలాడతాయి కానీ గాజును దాటి లోపలికి పోలేవు. పోయిందంటే ఆ గొడుగు పనికిరానిది. మొత్తం మీద అక్కడ దెబ్బ తినని వస్తువు లేదు కాబట్టి దాన్ని దెబ్బల షెడ్డు అన్నారు. అక్కడ పిడుగుదే రాజ్యం. ఆయన ముంజేతుల నిండా గాజు పలుకుల మచ్చలే. ఒక చెవి పేలుళ్ళకు ఎప్పుడో పోయింది. రెండో చెవితో మాత్రం సుత్తి దెబ్బకు గాజు పలికే పలుకు విని, ఇది నిలుస్తుంది, ఇది నిలవదు అని చెప్పేవాడు. చెప్పినవి నిలిచేవి కూడా. అందుకే ఆ గొంతుకు అంత పొగరు.

ఇక కోపం సంగతి. వాళ్ళ నాన్నా కొలిమి మీద పనిచేసినవాడే. ఇంటికొచ్చి నడుముకున్న బెల్టు తీశాడంటే పిల్లలిద్దరిలో ఒకడికి మూడినట్టే. పెద్దవాడు ఎప్పుడూ చిన్నవాడి ముందుకొచ్చి నిలబడేవాడట. ఒక రోజు ఆ బెల్టును గాల్లోనే పట్టుకుని లాక్కున్నాడు. ఆ తర్వాత ఏం జరిగిందో అన్నదమ్ములు ఎవరికీ చెప్పలేదు కానీ, వాళ్ళ నాన్న కుంటుతూ ఇల్లు వదిలి వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు. తల్లి అంతకు ముందే పోయింది. అప్పటి నుంచి తమ్ముడికి అమ్మా నాన్నా అన్నీ పిడుగే. వండి పెట్టాడు, బడికి పంపాడు, తమ్ముణ్ణి ఏడిపించిన పిల్లల్ని వాళ్ళ ఇళ్ళకు వెళ్ళి మరీ కొట్టి వచ్చాడు. తను మాత్రం పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని నేనొకసారి అడిగితే, "నా చేతికొచ్చింది ఏదీ పగలకుండా ఉండదమ్మాయ్" అన్నాడు. పరిహాసమనుకున్నాను. కాదని తర్వాత తెలిసింది.

మా సంబంధం కుదిరిన తీరు కూడా అలాగే ఉంది. నేను ప్యాకింగులో, నా భర్త కొలిమి మీద. మాకు ఒకరంటే ఒకరికి ఇష్టమని తెలిసి మా అన్నయ్య ఒంటికాలి మీద లేచాడు. గేటు దగ్గరకు వచ్చి నా భర్త కాలరు పట్టుకున్నాడు. పిడుగు దెబ్బల షెడ్డు నుంచి ఎలా వచ్చాడో తెలియదు, వచ్చాడు. మా అన్నయ్య ముందు పళ్ళు రెండు నేల మీద పడ్డాయి. ఆ పళ్ళు ఏరి రుమాల్లో చుట్టి, మా అన్నయ్యను పళ్ళ డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళిందీ ఆయనే. ఆ డాక్టరు వరండాలో బల్ల మీద కూర్చుని, ఒకడు రక్తం ఉమ్ముతూ, ఒకడు మంచినీళ్ళ సీసా అందిస్తూ మా పెళ్ళి ఖాయం చేశారు.

నా భర్త మెత్తని మనిషి. ఇంటికి రావలసిన కోపమంతా అన్నగారు ఒక్కడే తీసుకోవడంతో ఈయన వాటాకు ఏమీ మిగల్లేదనిపించేది. తాగుడు అలవాటు లేదు. మా అమ్మాయి పుట్టిన రోజున మాత్రం ఎవరో పోస్తే తాగి, క్యాంటీనులో గిన్నెలు తోమే తొట్టిలో కాళ్ళు పెట్టుకుని నిద్రపోయాడు. ఏళ్ళ తరబడి ఆ ముచ్చట చెప్పుకుని నవ్వుకున్నారు. ఆ నవ్వే చివరికి మా కొంప ముంచింది.

కొలిమి మీద ఆయన పని గరిటె పని. మా కొలిమిలో గాజును పైనుంచి గ్యాసు మంట కరిగిస్తుంది, అడుగు నుంచి కరెంటు కరిగిస్తుంది. కరిగిన గాజులోంచి కరెంటు నీళ్ళలో చేపలాగా పోతుంది. గట్టిపడిన గాజులోంచి పోదు. కొలిమి మీద పనిచేసే వాళ్ళందరికీ ఈ రెండు ముక్కలూ కంఠతా వచ్చు. గాజు మీద తేలే తెట్టునూ రాళ్ళనూ పొడవాటి ఇనప గరిటెతో లాగి పారేయాలి. గరిటె లోపల పెట్టేముందు కరెంటు ఆపాలని రూలు. ఆపితే అడుగున గాజు చల్లబడి ఆ రోజు గొడుగులన్నీ గీతలు పడతాయి. అందుకని ఆపేవాళ్ళు కాదు. కొలిమి మేస్త్రీ చెప్పాల్సిన పని లేదు, గరిటె మనిషి అడగాల్సిన పనీ లేదు, అదొక అలవాటుగా సాగిపోయింది. గరిటెకు ఎండిన చెక్క పిడి ఉండేది. కాబట్టి పట్టుకున్నవాడికి భయం లేదు. ఒకటే చిక్కు. బరువైన గరిటె కాడను కొలిమి నోటి దగ్గర దేనిమీదైనా ఆన్చాలి. ఇనుము మీద ఆన్చితే కొలిమి చట్రానికీ, దాన్నంటుకుని ఉన్న, మేం పట్టుకుని నడిచే ఇనప కమ్మీకీ కరెంటు ఎక్కుతుంది. మొదట్లో పింగాణీ రోలరు ఒకటి పెట్టారు. అది వేడికి మాటిమాటికీ చిట్లేది.

ఆ సంగతి తమ్ముడి నోట విని పిడుగు ఊరుకోలేకపోయాడు. వేడికి పగలని రకం గాజు తెప్పించి, లావుపాటి రోలర్లు రెండు పోత పోయించాడు. రెండింటినీ తన పంజరంలో పెట్టి, గొడుగుకు ఎక్కించే వోల్టులన్నీ ఎక్కించాడు. నీలం మంటలు పైపైన పాకాయి, లోపలికి ఒక్క పోగు కూడా దిగలేదు. సుత్తితో కొట్టి విన్నాడు. నచ్చింది. ఒకటి తన షెడ్డులో విడిగా ఉంచుకుని, రెండోదాన్ని గుడ్డలో చుట్టి, తనే కొలిమి మీదికి మోసుకెళ్ళి బిగించాడు. "నీ చేతికి కరెంటు తగలాలంటే ముందు నన్ను దాటాలిరా" అన్నాడట తమ్ముడితో. నా భర్త ఇంటికొచ్చి ఆ మాట నాకు చెప్పి మురిసిపోయాడు.

ఆ రోలరు వచ్చాక కమ్మీ నుంచి భూమిలోకి పోవలసిన ఎర్తు పట్టీ ఎప్పుడు తుప్పుపట్టి తెగిందో ఎవరూ చూడలేదు. గాజు ఉంది కదా అనుకున్నారు. ఆ ధీమా గాజుతో పనిచేసే మాలాంటి వాళ్ళకే ఉంటుంది. మా పొయ్యి మీద ఎసరు పెట్టేది ఆ నమ్మకమే.

నా భర్త పోయిన రోజు కొలిమిలో రాళ్ళు ఎక్కువగా తేలాయి. పొద్దున మొదలుపెట్టిన గరిటె మధ్యాహ్నం దాకా తీయనే లేదు. మొహం మంట పుట్టి, నీళ్ళు చల్లుకుందామని, గరిటెను రోలరు మీద అలాగే వదిలి, చెక్క పలకల మీద నాలుగడుగులు వేసి, ఒక చేత్తో కమ్మీ పట్టుకుని రెండో చేత్తో, భూమిలోకి దిగిన ఇనప పైపుకున్న కుళాయి తిప్పబోయాడు. కేక కూడా లేదన్నారు. చేతులు రెండూ అంటుకుపోయి, ఒళ్ళంతా కొట్టుకుని, కుళాయి పైపుతో సహా ఊడి కింద పడ్డాడు. నేను వెళ్ళేసరికి ఆయన మీద నీళ్ళు ధారగా పడుతూనే ఉన్నాయి. ఎవరికీ ఆపాలని తోచలేదు. నేనే పైపును మెలిపెట్టి ఆపాను. ఆయన అరచేతులు తిప్పి చూశాను. ఆ చేతులు ఎలా ఉన్నాయో ఇప్పుడు చెప్పను.

కుళాయి పక్కనే కొలిమికి కరెంటు తెచ్చే రాగి పట్టీ ఉంటుంది. కొలిమి మేస్త్రీ దాన్ని చూపించాడు. కమ్మీకి కరెంటు ఎక్కే దారే లేదు, మధ్యలో గాజు ఉంది, కాబట్టి ఈయన రాగి పట్టీనే పట్టుకున్నాడన్నాడు. ఒంటి మీద తెలివున్నవాడు దాన్ని పట్టుకోడు, కాబట్టి తాగి ఉంటాడన్నాడు. అక్కడ "ఉంటాడు" అన్నది గేటు దాటేసరికి "ఉన్నాడు" అయింది. తొట్టిలో కాళ్ళు పెట్టుకుని పడుకున్న ముచ్చట మళ్ళీ బయటికొచ్చింది. ఈసారి ఎవరూ నవ్వలేదు, తల మాత్రం ఆడించారు. మా వీధి కుళాయి దగ్గర ఒకావిడ మా అమ్మాయిని "తాగి చచ్చినోడి కూతురు" అంది. బిందె ఎత్తి ఆవిడ నెత్తిన వేశాను. కుట్లు పడ్డాయి. అయినా మాట ఆగలేదు.

నాకు కావలసింది ఒక్కటే. ఆ మాట అన్న నోరే, అందరి ముందూ, దాన్ని వెనక్కి తీసుకోవాలి. మనిషి తిరిగి రాడని నాకు తెలుసు. పేరు తిరిగి వస్తుంది కదా. మా బావగారితో అదే అన్నాను.

ఆయన లెక్క వేరేగా ఉంది. గాజు దాటి కమ్మీకి కరెంటు రాదు, అది ఆయనకూ తెలుసు. తమ్ముడు తాగడు, రాగి పట్టీ ముట్టుకోడు, అదీ తెలుసు. కాబట్టి ఏదో కేబులు ఊడి కమ్మీకి తగిలింది, మేస్త్రీ దాన్ని గుట్టుగా తీసేసి నెపం చచ్చినవాడి మీదికి నెట్టాడు. ఆయనా మేస్త్రీ ఇద్దరూ ఒకే గాజును నమ్ముకుని, చెరో అబద్ధానికి చేరారు.

మధ్యాహ్నం క్యాంటీను నిండుగా ఉంది. పిడుగు చెక్క సుత్తి చేత్తో పట్టుకుని వచ్చి మేస్త్రీ బల్ల ముందు నిలబడ్డాడు. కేబులు ఎక్కడ దాచావని అడిగాడు. ఒక్కసారే అడిగాడు.

"కేబులేం లేదు పిడుగూ. నీ తమ్ముడు తాగి ఉన్నాడు. నీకూ తెలుసు" అన్నాడు మేస్త్రీ.

సుత్తి దవడ మీద పడింది. గొడుగు పేలినప్పుడు వచ్చే చప్పుడు లాంటిదే వచ్చింది, కాస్త మెత్తగా. మేస్త్రీ బల్లతో సహా వెనక్కి పడ్డాడు. బావగారు ఆయన గుండెల మీద మోకాలు వేసి ఇంకోటి, ఇంకోటి వేశాడు. అడ్డు వచ్చినవాడి వేళ్ళు విరిచాడు. వెనక నుంచి పట్టుకున్నవాణ్ణి తలతో కొట్టాడు. నలుగురు మీద పడి కూర్చుంటే గానీ ఆగలేదు. మేస్త్రీ నోట్లోంచి రక్తంతో పాటు తింటున్న ముద్ద కూడా బయటికొచ్చింది. ప్యాకింగు నుంచి పరిగెత్తుకొచ్చి నేను గుమ్మంలో నిలబడి చూశాను. ఆపలేదు. ఆపాలని అనిపించనూ లేదు. ఆ నోటికి తగిన శాస్తి జరిగిందనుకున్నాను.

బావగారిని పోలీసులు తీసుకెళ్ళారు. జైల్లో కొన్నాళ్ళు ఉండి వచ్చాడు. ఫ్యాక్టరీ మళ్ళీ రానివ్వలేదు. ఊరి చివర పాత సీసాలు పగలగొట్టి కరిగించడానికి పంపే యార్డులో పనికి కుదిరాడు. పొద్దస్తమానం సమ్మెటతో సీసాలు పగలగొట్టడమే పని. రాత్రి భోజనం మా ఇంట్లో. మా అమ్మాయి ఆయన చేతుల మీది గాజు పలుకులను సూదితో తీసేది. మేస్త్రీ కూడా చాలా రోజులకు పనిలోకి వచ్చాడు. డాక్టర్లు దవడను తీగలతో కట్టినా సరిగా అతకలేదు. నోరు పక్కకు పోయింది. అరచేత్తో దవడను కింద నుంచి ఎత్తి పట్టుకుంటే తప్ప మాట కుదిరేది కాదు, కుదిరిన మాటా ముద్దగా ఉండేది. నాకు జాలి వేయలేదు. చచ్చినవాడి మీద మాట వెనక్కి తీసుకోకుండానే ఆ నోరు మూతపడిందే అని మాత్రం కడుపు మండేది.

అలా ఉండగా ఒక రోజు క్యాంటీనులో భోజనాల దగ్గర కొత్త గరిటె మనిషి ఒక సంగతి చెప్పాడు. గరిటె ఎక్కువసేపు లోపల ఉంచితే కమ్మీ చురుక్కుమంటోందట. గరిటె తీసి కాసేపు ఆగితే ఏమీ ఉండదట. చుట్టూ ఉన్నవాళ్ళు, గాజు మీద ఆన్చిన గరిటె నుంచి కరెంటు ఎలా వస్తుందోయ్, ఒంటి చెమటకు అలా అనిపించి ఉంటుంది అని కొట్టిపారేశారు. నేను కొట్టిపారేయలేదు. పని దిగగానే ఎగురుకుంటూ ఇంటికొచ్చాను. బావగారు కంచం ముందు కూర్చుని ఉన్నాడు. ఆ కేబులు ఇంకా అక్కడే ఎక్కడో ఉంది బావగారూ, దొరికింది దొంగ, అని గబగబా చెప్పాను.

ఆయన తినడం ఆపాడు. "అప్పుడు రోలరు ఎలా ఉందట?" అని అడిగాడు.

ఎలా ఉంటుంది, కొలిమి నోట్లో ఉండేదానికి వేడి కాక చల్లదనం ఉంటుందా, పక్కకు పోతేనే సెగ కొడుతోందట అన్నాను.

ఆయన చెయ్యి కడుక్కోకుండానే పెరట్లోకి వెళ్ళాడు. ఏదో దంచుతున్న చప్పుడు వినిపించింది. వెళ్ళి చూస్తే గోడకు తల కొట్టుకుంటున్నాడు. ఊరికే కాదు, సమ్మెట వేసినట్టు, ఆగి ఆగి, బలమంతా పెట్టి. సున్నం మీద ఎర్రగా మరక పడింది. మా అమ్మాయీ నేనూ చెరో పక్కా పట్టుకుని లాగితే కూలబడ్డాడు. నుదురు పగిలి ఎముక తెల్లగా కనిపించింది. గుడ్డ కట్టాను. ఏమైందని అడిగాను. పొద్దున నువ్వు పనికి వెళ్ళేటప్పుడు నేనూ వస్తానని మాత్రం అన్నాడు.

పొద్దున గేటు దగ్గర కాపలావాడు అడ్డం వచ్చాడు. బావగారు అతన్ని కుర్చీతో సహా ఎత్తి పక్కన పెట్టాడు. కుర్చీ విరిగింది, కాపలావాడికి పెద్దగా ఏమీ కాలేదు. నేరుగా కొలిమి మీదికి ఎక్కి, కొత్త గరిటె మనిషిని రెక్క పట్టి కిందికి దింపి, గరిటెను ఈడ్చి అవతల పారేశాడు. ఆయన్ని చూడగానే మేస్త్రీ దవడ పట్టుకుని గోడకు అంటుకుపోయాడు.

"కొట్టడానికి రాలేదు. షెడ్డుకి రా. అందర్నీ రమ్మను" అన్నాడు బావగారు.

ఆ నుదుటి కట్టు చూసో, ఆ గొంతు వినో, ఎవరూ పోలీసులను పిలవలేదు. కొలిమివాళ్ళూ, ప్యాకింగువాళ్ళూ అందరం దెబ్బల షెడ్డు చుట్టూ మూగాం. ఆయన విడిగా ఉంచుకున్న రెండో రోలరు అలమార వెనక అలాగే ఉంది. దాన్ని తెచ్చి, దగ్గర దగ్గరగా రెండు రాగి తీగలు చుట్టి, మధ్యలో ఒక మామూలు బల్బు కలిపి, ఇంట్లో వాడే కరెంటు ఇచ్చాడు. బల్బు వెలగలేదు. వెలగదని మాకూ తెలుసు. ఇందుకా పిలిచాడు అని వెనక నుంచి ఎవరో గొణిగారు. ఆయన గ్యాసు మంట ముట్టించి, తీగల మధ్య గాజు మీద పెట్టాడు.

చాలాసేపు ఏమీ జరగలేదు. గాజు కరగలేదు, మెత్తబడలేదు, రంగు కూడా మారలేదు. బల్బులో సన్నటి పోగు ఎర్రబడింది. ముందు ఎండ పడి మెరిసిందేమో అనుకున్నాను. ఎర్రది పసుపైంది, పసుపు తెలుపైంది. చివరికి బల్బు నిండుగా వెలిగింది. కరెంటు గాజులోంచి పోతోంది. అందరం నోళ్ళు తెరుచుకుని చూస్తుంటే ఆయన గ్యాసు మంట తీసేశాడు. బల్బు ఆరలేదు. ఇప్పుడు గాజును కరెంటే కాగబెడుతోంది. కాగిన కొద్దీ ఇంకా ఎక్కువ కరెంటుకు దారి ఇస్తోంది. తీగల మధ్య గాజు ఎర్రగా, తెల్లగా అయి, చీము కారినట్టు కిందికి జారింది. ఫట్టుమని రోలరు రెండుగా పగిలి ముక్కలు మా కాళ్ళ మధ్య పడ్డాయి. ఒకావిడ చీర అంచు కాలింది.

నాకు ఆ క్షణంలో కలిగింది సంతోషం. అబద్ధం చెప్పను. మా ఆయన తాగలేదు, రాగి పట్టీ ముట్టుకోలేదు, కమ్మీయే పట్టుకున్నాడు, ఇదిగో బల్బు వెలిగింది. గెలిచాననుకున్నాను. ఆ రోలరు ఎవరిదో నా తలకు ఇంకా ఎక్కలేదు.

బావగారు మంట ఆర్పి మా వైపు తిరిగాడు.

"రెండూ నేనే పోయించాను. నేనే పరీక్ష చేశాను. లక్ష వోల్టులు పెట్టి చూశాను గానీ చల్లటి గాజుకు పెట్టాను. వాడు పనిచేసింది వేడిలో. కరిగితే వదులుతుంది, గట్టిపడితే ఆపుతుంది అనుకున్నాను. ఆ మధ్యలో ఏం చేస్తుందో నేను చూడలేదు. కేబులు లేదు. మేస్త్రీ ఏమీ దాచలేదు. మా తమ్ముడు తాగలేదు. వాణ్ణి చంపింది నేను."

అని, గోడకున్న చెక్క సుత్తి తీసి మేస్త్రీ ముందుకు చాపాడు. "నా దవడ కూడా పగలగొట్టు. చెయ్యి ఎత్తను" అన్నాడు.

మేస్త్రీ సుత్తిని చూస్తూ నిలబడిపోయాడు. నేను నిలబడలేదు. ఎప్పుడు కదిలానో, సుత్తి ఎప్పుడు లాక్కున్నానో తెలియదు. నా కంచంలో తిన్న మనిషి. నా బిడ్డ చేత గాజు పలుకులు తీయించుకున్న మనిషి. నా మొగుడి కోసం తండ్రి చేత దెబ్బలు తిన్న మనిషి. ఆయన మీద ప్రేమ లేక కాదు, ఆ ప్రేమంతా అక్కడే చేతుల్లోకి వచ్చింది. భుజం మీద వేశాను. ఎముక విరిగిన చప్పుడు వినిపించింది. ఆయన చెయ్యి ఎత్తలేదు, పక్కకు జరగలేదు. మోకాళ్ళ మీద పడి, తల ఇంకా దగ్గరికి పెట్టాడు. ఆ తల మీద వేయడానికే సుత్తి ఎత్తాను. వేసేదాన్నే. ఆ ఒక్క దెబ్బ పడి ఉంటే ఆయన ఈ రోజు భుజం చూపించుకుంటూ తిరిగేవాడు కాదు, నేను ఇంట్లో కూర్చుని ఇది చెబుతూ ఉండేదాన్ని కాదు.

వెనక నుంచి ఎవరో సుత్తి పట్టుకున్నారు. తిరిగి చూస్తే మేస్త్రీ. నా వేళ్ళు ఒక్కొక్కటే విడదీసి సుత్తి తీసుకున్నాడు. ఇప్పుడు తన వంతు తీర్చుకుంటాడని అందరూ అనుకున్నారు. కొందరు వెనక్కి జరిగారు. ఆయన సుత్తిని చంకలో పెట్టుకున్నాడు. మాట్లాడాలంటే ఆయనకు చెయ్యి ఖాళీ కావాలి. అరచేత్తో దవడను పైకి ఎత్తిపట్టుకుని, నా మొహంలోకి చూస్తూ ఏదో అన్నాడు.

ముద్దగా, సగం గాలిగా వచ్చింది ఆ మాట. పక్కనున్నవాళ్ళు ఏమన్నాడు, ఏమన్నాడు అని ఒకరినొకరు అడుక్కున్నారు. నాకు మాత్రం అర్థమైంది. ఆ మాట కోసం ఎన్నాళ్ళుగానో చెవులు రిక్కించుకుని ఉన్నదాన్ని.

"మీ ఆయన తాగలేదమ్మా. నేను తప్పుగా అన్నాను."

ఆ నోటిని అన్యాయంగా పగలగొట్టింది మా ఇంటి మనిషి. నేను గుమ్మంలో నిలబడి చూశాను. అదంతా నాకు తెలుసు. అయినా గుమ్మం బయట ప్యాకింగువాళ్ళు ఉన్నారు, వాళ్ళ వెనక ఊరు ఉంది, ఊళ్ళో మా అమ్మాయి ఉంది.

"వెనకవాళ్ళకు వినపడలేదు. మళ్ళీ అనండి" అన్నాను.

మేస్త్రీ రెండో చేత్తో కూడా దవడ పట్టుకున్నాడు. చంకలోంచి సుత్తి జారి కిందపడింది. కళ్ళ వెంట నీళ్ళు కారుతుండగా మళ్ళీ, గట్టిగా, అందరికీ వినపడేలా అన్నాడు.